ఏడు సూత్‌ల కడ్డీ

మా నాన్న ఇంజనీరింగ్ కాలేజీలో లోహాల బలం గురించి పాఠం చెప్పేవారు. ఏ దూలం ఎంత బరువుకు వంగుతుంది, ఏ కడ్డీ ఎంత మెలిపెడితే విరుగుతుంది అన్నది ఆయన సబ్జెక్టు. ఇంట్లో ఏ కుర్చీ ఎప్పుడు విరుగుతుందో మాత్రం ఆయనకు ఒక్కసారి కూడా ముందుగా తెలియలేదు. విరిగాక వచ్చి, ఎందుకు విరిగిందో కింద పడ్డవాళ్ళకు వివరంగా చెప్పేవారు.

ఇది అరవైల చివరి మాట. యూనివర్సిటీ క్యాంపస్‌లో గొడవలు ఇంకా మొదలవలేదు. మేము గుంటూరు జిల్లా వాళ్ళం, నాన్న ఉద్యోగం కోసం వచ్చి తార్నాకలో అద్దె ఇంట్లో స్థిరపడ్డాం. ఇంట్లో నాన్న, అమ్మ, నాన్నను కన్న మామ్మ, సికింద్రాబాదులో రైల్వే గుమాస్తాగా పనిచేసే మామయ్య, క్యాంపస్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివే నేను. ఇంటికి మూడు గదులు. వాటిలో మనిషి ఒంటరిగా ఉండటానికి వీలున్న చోటు స్నానాలగది ఒక్కటే, అక్కడా బయటి నుంచి తలుపు కొట్టేవాళ్ళు.

మాకో కారుండేది. అప్పట్లో దేశంలో కార్లంటే ముఖ్యంగా మూడు రకాలు: కలకత్తాది, బొంబాయిది, మద్రాసుది. మాది బొంబాయిది, చిన్నది, మా దగ్గరికి రాకముందే ఇద్దరి దగ్గర నలిగింది. నాన్న కాలేజీకి సైకిల్ మీద పోయేవారు. కారు ఆదివారానికి. ఇస్త్రీ బట్టల్లాగే దాన్నీ ఆదివారం ఉదయమే బయటికి తీసి, బౌద్ధనగర్‌లో సండేస్కూల్ టీచరమ్మను ఎక్కించుకుని, సికింద్రాబాదులో చర్చికి పోయేవాళ్ళం.

మా ఇంట్లో ఒక ఆచారముంది. ఎవరూ పెట్టలేదు, ఎవరూ చెప్పలేదు, అయినా అందరూ పాటించేవాళ్ళు. కారు ఖాళీ సీటుతో కదలకూడదు. ఒక సీటు ఖాళీగా పోతోందంటే వండిన అన్నం పారబోస్తున్నంత బాధ మా వాళ్ళకు. కారు తాళంచెవి గలగలమంటే చాలు, మామ్మ చెప్పులు వెతుక్కునేది, అమ్మ చీర మార్చుకునేది, మామయ్యకు ఆ దిక్కున ఏదో పని గుర్తొచ్చేది. పెట్రోలు పోయించుకోవడానికి పోతున్నా నలుగురం పోయేవాళ్ళం. మా ఇంట్లోంచి సీటు నిండకపోతే పక్కింటివాళ్ళను పిలిచేవాళ్ళం.

ఆ కారు నడిపేది నేను. నాన్నకు డ్రైవింగ్ వచ్చు గానీ నడుపుతూ ఆలోచిస్తారు. ఒకసారి అలా ఏదో లెక్క వేసుకుంటూ పాలవాడి సైకిల్‌ను తప్పించబోయి కారును మురిక్కాల్వలో దించారు. ఆ రోజు నుంచి ఆయన స్టీరింగ్ పడితే తాను ఎక్కనని మామ్మ చెప్పేసింది. మామయ్యకు నడపడం రాదు. రాకపోయినా ఎలా నడపాలో వెనక సీట్లోంచి చెప్పేవాడు. అలా స్టీరింగ్ నా చేతికొచ్చింది. లైసెన్సు వచ్చి చాలా కాలమైనా నేను ఆ కారులో ఒక్కదాన్నే కూర్చుని పదిగజాలు కూడా పోలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పక్కన ఎవరూ లేకుండా, వెనక ఎవరూ గొంతు సవరించుకోకుండా, తార్నాక నుంచి మా డిపార్ట్‌మెంట్ దాకా పోవాలని నాకు ఉండేది. ఆకలికి కారణం అడిగితే ఏం చెప్తాం? నాకది అంత గట్టిగా ఉండేది.

ఈ కథలోకి కడ్డీని తెచ్చింది మామ్మ. మలుపు తిరిగేటప్పుడు మా కారు పక్కకు ఒరిగేది. బరువెక్కువైతే మరీ ఒరిగేది. తార్నాక కూడలి దగ్గర కుడివైపు తిరిగితే మామ్మ జారి అమ్మ మీద పడేది, అమ్మ మామయ్య మీద, మామయ్య తలుపు మీద. మామ్మ రుమాల్లో నిమ్మకాయ కట్టుకుని వాసన చూస్తూ, ప్రతి మలుపుకీ ప్రభువును పిలిచేది. మెలిపెట్టే బలాల మీద కాలేజీలో పాఠం చెప్పే కొడుకుండి కూడా తనకీ తిప్పలేమిటని చర్చి మెట్ల మీద పదిమందిలో అడిగింది. నాన్న ముఖం మాడిపోయింది.

కార్ల కింద, ముందువైపు, రెండు చక్రాలనూ కలుపుతూ అటూ ఇటూ వంగిన ఉక్కు కడ్డీ ఒకటుంటుంది. కారు ఒక పక్కకు ఒరిగితే అది మెలిపడి, ఒరగనివ్వకుండా పట్టుకుంటుంది. కడ్డీ ఎంత లావైతే పట్టు అంత గట్టిది. నాన్న దాన్ని యాంటీ రోల్ బార్ అనేవారు. అడిక్‌మెట్‌లో మా కారు చూసే మెకానిక్ ముంగటి రాడ్ అనేవాడు. నాన్నకు ఆ కడ్డీ మీద ప్రేమ పుట్టింది. పాతికేళ్ళుగా నల్లబల్ల మీద మెలిపెడుతున్న కడ్డీ తన సొంత కారు కిందే ఉందని ఆయనకు మామ్మ పుణ్యాన తెలిసింది.

సరిగ్గా అప్పుడే సికింద్రాబాదులోని ఒక మోటారు క్లబ్బు వాళ్ళు ఆటోక్రాస్ పెడుతున్నారని నోటీసు అంటించారు. హాస్టళ్ళ అవతల మొరం మైదానంలో సున్నం కొట్టిన డ్రమ్ములు నిలబెడతారు. వాటి మధ్య నుంచి మెలికలు తిరుగుతూ ఒక్కో కారూ పోయి రావాలి. ఎవరు తక్కువ సమయంలో వస్తే వాళ్ళది గెలుపు. డ్రమ్ము తగిలితే తప్పు. ఆడవాళ్ళకు వేరే పోటీ లేదు, ఆడవాళ్ళొస్తారని ఎవరికీ తోచకపోవడం వల్ల.

మంచి కడ్డీ వేస్తే కారు ఎలా తిరుగుతుందో ఊరందరికీ చూపించాలని నాన్నకు ఉబలాటం పుట్టింది. నడపడానికి నేనే దిక్కు. ఆ అవకాశం నేను వదల్లేదు. ఒక్క డ్రమ్ముకైనా తగలకుండా వస్తే సోమవారాలు కారు నాకివ్వాలన్నాను. నేనొక్కదాన్నే పోతాను, మీరు కూడా ఎక్కకూడదు అన్నాను. నాన్న అప్పటికే పెన్సిల్ చెక్కుతున్నారు. తల ఊపి, మాటంటే మాటే అన్నారు. అమ్మ విని, ఒక్కదానివీ ఏం మాట్లాడుకుంటూ పోతావే అని జాలిపడింది.

ఇక కడ్డీ ఎంత లావుండాలన్నది మిగిలింది. మెకానిక్కుల కొలత సూత్, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. కారుతో వచ్చిన కడ్డీ ఐదు సూత్‌లు. కడ్డీ లావు కొంచెం పెంచితే పట్టు కొంచెం పెరగదు, నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఐదును ఆరు చేస్తే రెట్టింపు, ఏడు చేస్తే దాదాపు నాలుగు రెట్లు. ఈ సంగతి నాన్న మాకు అన్నం దగ్గర చెప్పారు, ప్రార్థన అయ్యాక చెప్పారు, సండేస్కూల్ టీచరమ్మకు చర్చి గంట మోగుతుండగా చెప్పారు. కాలేజీ వర్క్‌షాపులో స్ప్రింగు ఉక్కుతో ఆరుదీ ఏడుదీ రెండూ చేయించారు.

స్టాఫ్‌రూమ్‌లో ఈ విషయం మీద రెండు పార్టీలు లేచాయి. కారున్నది నాన్న ఒక్కరికే, అభిప్రాయాలు మాత్రం అందరికీ ఉన్నాయి. హెడ్డుగారు ఆరు వైపున్నారు కాబట్టి ఆయన మీద కోపమున్నవాళ్ళంతా ఏడు వైపు చేరారు. బస్సు తప్ప ఇంకేదీ ఎక్కని ఒకాయన, అసలు వెనక చక్రాలకు వెయ్యవలసిన కడ్డీని ముందు వేస్తున్నారని కొత్త వాదం తెచ్చి రెండు పార్టీల చేతా తిట్లు తిన్నాడు. ఆ వారం ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు ఎన్ని జరిగాయో తెలియదు గానీ టీ మాత్రం చాలా ఖర్చయిందని క్యాంటీన్‌వాడే చెప్పాడు.

చివరికి పరీక్ష చేసి చూద్దామన్నారు. అదే మైదానంలో, సాయంత్రాలు, డ్రమ్ములకు బదులు ఇటుకలు పెట్టుకుని చేశాం. పరీక్షకు కారు బయల్దేరుతోందంటే మామ్మ చెప్పులు వేసుకుంది. అమ్మ చీర మార్చుకుంది. మామయ్య ఆఫీసు నుంచి తొందరగా వచ్చాడు. కోణం కొలవడానికి నాన్న ఎలాగూ ముందు సీట్లో ఉండాలి. కడ్డీ చప్పుడు వినాలని మెకానిక్ కూడా వెనక ఇరుక్కున్నాడు. నాన్న కారు పైకప్పుకు గోడ నిలువు చూసే మేస్త్రీల గుండు ఒకటి దారంతో వేలాడదీసి, దాని వెనక అట్ట మీద డిగ్రీలు గీసిపెట్టారు. మొదటి మలుపులోనే ఆ గుండు పోయి మామయ్య నుదుటికి తగిలింది. నాన్న ముందు డిగ్రీలు రాసుకుని, తర్వాత మామయ్యను చూశారు.

ఐదు సూత్‌ల కడ్డీతో మామ్మ మలుపు మలుపుకీ జారింది. అంతేకాదు, వెనక అంతమంది ఉండేసరికి మొరం మీద కారు తోక పక్కకు జారిపోతే, స్టీరింగ్ ఎదురు తిప్పి సరిచేసుకునేదాన్ని. ఆరు వేశాక సగం తగ్గింది. ఏడు వేశాక ఇంకేం చెప్పను, కారు గీత గీసినట్టు తిరిగింది. తోక జారడం లేదు, ఒరగడం లేదు. మామ్మ కూర్చున్నచోటే కూర్చుంది. నిమ్మకాయ సంచిలోంచి తియ్యను కూడా తియ్యలేదు. మెకానిక్ సంతోషపడి, "సార్, గిది రైలు లెక్క పోతున్నది" అన్నాడు. మామ్మ జారకపోతే కడ్డీ పాసైనట్టేనని నాన్న తీర్పు చెప్పారు. స్టాఫ్‌రూమ్‌లో ఏడు పార్టీ వాళ్ళు స్వీట్లు పంచుకున్నారట.

అడిక్‌మెట్ గదుల్లో ఉండే కుర్రాళ్ళు రోజూ మైదానం గట్టు మీద కూర్చుని మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు. ఒకరోజు ఇటుకల పక్కన కారాపితే వాళ్ళలో ఒకడు దగ్గరికొచ్చి, లోపల తలలన్నీ చూసి, "ఏందక్కా, రేసుకు పోతున్నవా, లగ్గానికి పోతున్నవా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పనీపాటా లేనివాడని తిట్టుకుని, అద్దం పైకెత్తి, గేరు మార్చాను. ఆ ప్రశ్నకు అక్కడే ఆగి జవాబు వెతికి ఉంటే చాలా శ్రమ తప్పేది. కానీ డిగ్రీలు చదివే నాన్నకు తోచలేదు, ఫిజిక్సు చదివే నాకు తోచలేదు, ఆరు పార్టీకీ తోచలేదు, ఏడు పార్టీకీ తోచలేదు. కారన్నాక మనుషులు నిండుగా ఉంటారన్నది మాకు భూమికి ఆకర్షణ ఉన్నంత సహజం.

పోటీ శనివారం పెట్టారు. మైదానమంతా జనం. సికింద్రాబాదు నుంచి టోపీలు పెట్టుకున్నవాళ్ళు, నల్లకళ్ళద్దాల వాళ్ళు, తమ కార్ల బానెట్లు ఎత్తిపెట్టి లోపలికి చూస్తూ నిలబడ్డారు. క్లబ్బు పెద్ద ఒక రిటైరైన మేజరు. ఆయన మా కారు దగ్గరికొచ్చి, డ్రైవరెవరని నాన్నను అడిగి, నన్ను చూసి, మళ్ళీ నాన్ననే అడిగారు. తర్వాత లోపలున్నవాళ్ళను మర్యాదగా దిగమన్నారు.

మావాళ్ళు తెల్లబోయారు. చుట్టూ చూస్తే ఏ కారులోనూ ఒక్కరికి మించి లేరు. అమ్మ దిగింది, మామయ్య దిగాడు, మామ్మను ఇద్దరు పట్టుకుని దించారు, నాన్న గుండూ అట్టా విప్పుకుని దిగారు. ఒక్కొక్కరే దిగుతుంటే కారు వెనకభాగం కొంచెం కొంచెంగా పైకి లేచింది. అలా లేవడం నేను చూశాను. చూసి కూడా, ఎంత తేలికపడిందో అని సంతోషపడ్డాను.

నిజంగానే సంతోషం. తలుపు వేసుకుంటే లోపల నేనొక్కదాన్నే. ఇంజను చప్పుడు ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. అన్నాళ్ళూ దానిమీద మామయ్య మాటలుండేవి. సీటు స్ప్రింగు కిర్రుమంటే అది నా సీటే. జెండా ఊపగానే పెడల్ తొక్కాను, కారు ముందుకు ఉరికింది. పళ్ళు బయటపెట్టి నవ్వుతూ మొదటి డ్రమ్ము దగ్గరికి పోయాను.

అక్కడ స్టీరింగ్ తిప్పాను. చక్రాలు తిరిగాయి. కారు తిరగలేదు. చక్రాలు కుడివైపు చూస్తుంటే కారు తిన్నగా ముందుకే పోయింది, నేను పిలుస్తుంటే వినపడనట్టు. డ్రమ్ము దొర్లిపోయింది. రెండోదాని దగ్గర స్టీరింగ్ ఇంకా గట్టిగా తిప్పాను, కారు ఇంకా తిన్నగా పోయింది. మూడోదానికి నేను ఎటూ తిప్పకముందే జనం పక్కకు జరిగారు. నేను తిరిగొచ్చేసరికి కారు ముందుభాగమంతా సున్నం. గట్టు మీద కుర్రాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది, వాళ్ళ ముందు ఏడవకూడదని స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను.

నాన్న వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగారు. వెనకభాగం అంత ఎత్తున లేచి ఉండటం చూశారు. చేత్తో నొక్కి వదిలారు, అది క్షణంలో మళ్ళీ పైకొచ్చింది. ఆయన ముఖంలో వెలుగు రావడం నేను చూశాను. వెనక బరువుంటే తోక జారుతుంది, ముందు లావు కడ్డీ వేస్తే ఆ జారుడు ఆగి రెండూ సరిసమానమవుతాయి. బరువు తీసేస్తే జారడానికి తోకే లేదు, ఇక ఆ కడ్డీ ముందు చక్రాలను మలుపులో నిలదొక్కుకోనివ్వకుండా తోసేస్తుంది. మేము కడ్డీని కారుకు చేయించలేదు, మా కుటుంబానికి చేయించాం. ఇదంతా నాన్న నాకు అక్కడే, సున్నం తుడుచుకుంటూ, క్లాసులో చెప్పినంత ఉత్సాహంగా చెప్పారు. లెక్కలో తప్పు లేదన్నారు. కారులో మనుషులు లేకపోవడమే తప్పన్నారు.

ఒక పక్క నట్టు ఇప్పేస్తే రాడ్ ఉండీ లేనట్టే అవుతుందని మెకానిక్ గొణిగాడు. పానా ఏదని మామయ్య అడిగాడు. మెకానిక్ తను కడ్డీ వేసిన కారు రేసులో పోతుంటే చూడటానికి వచ్చాడు కదా, ఇస్త్రీ చేసిన తెల్లబట్టల్లో, చెవికి అత్తరు దూదితో వచ్చాడు. ఆ నట్టుకు పట్టే పానా అడిక్‌మెట్‌లో ఉంది.

ఒక్కొక్కరికి రెండు అవకాశాలిచ్చారు. రెండోది మిగిలి ఉంది. నాన్న మేజరుగారి దగ్గరికి పోయి, కారులో డ్రైవరు తప్ప ఎవరూ ఉండకూడదని నిబంధనల్లో ఎక్కడుందో చూపించమన్నారు. మేజరుగారు కాగితాలు తిరగేశారు. ఎక్కడా లేదు. ఒక మనిషి తల్లినీ భార్యనూ బావమరిదినీ ఎక్కించుకుని రేసుకు వస్తాడని నిబంధనలు రాసినవాళ్ళు ఊహించలేదు. ఆయన కాసేపు ఆకాశంలోకి చూసి, మీ ప్రాణాలు మీ ఇష్టం అన్నారు.

మావాళ్ళు గెలిచినట్టే ఎక్కారు. మామ్మ తన మూలలో సర్దుకుంది. అమ్మ కొంగు దోపుకుంది. మామయ్య, తెల్లబట్టల మెకానిక్, ముందు గుండు పట్టుకుని నాన్న. కారు వెనకభాగం దిగి, ఎప్పటిలా కూర్చుంది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.

నాకు అంతా తెలుస్తూనే ఉంది. వీళ్ళతో పోతే కారు రోజూ ఇటుకల మధ్య తిరిగినట్టే తిరుగుతుంది. ఒక్క డ్రమ్ము కూడా తగలదు. సోమవారం తాళంచెవి నాది. వీళ్ళు లేకుండా పోతే మళ్ళీ సున్నమే, మళ్ళీ చప్పట్లే, ఇక ఆ కారులో ఒక్కదాన్నే కూర్చునే రోజు ఎప్పటికీ రాదు. ఒంటరిగా పోయే హక్కు కోసం వీళ్ళందర్నీ మోసుకుని పోవాలి. నాకు కోపమొచ్చింది. ఆ కోపం వాళ్ళ మీదో, కడ్డీ మీదో, నా మీదో నాకే తెలియలేదు.

"దిగండి" అన్నాను.

ఎవరూ కదల్లేదు. వినపడలేదేమో అనుకున్నాను, నా గొంతు అంత చిన్నగా వచ్చింది. నాన్న అట్ట మీద డిగ్రీలు సరిచేస్తూ, ఇప్పుడు తప్పకుండా తిరుగుతుందమ్మా, కూర్చో అన్నారు.

"తిరక్కపోయినా సరే నాన్నా. నేనొక్కదాన్నే పోతా. దిగండి."

మా ఇంట్లో నాన్నతో అలా మాట్లాడినవాళ్ళు లేరు. మామయ్య కిటికీలోంచి ఎటో చూశాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న గుండు చేతిలో పట్టుకుని నన్నే చూశారు. ఆయన ముఖంలో కోపం లేదు, పాఠం మధ్యలో గంట కొట్టినప్పటి ముఖం అది. ముందు కదిలింది మామ్మ. చెప్పులు వెతుక్కుని, "పిల్ల ఒక్కతే పోతానంటుంటే కూర్చుంటారేంట్రా, లేవండి" అని తన పక్క తలుపు తనే తీసుకుంది. ఆమె దిగాక మిగతావాళ్ళకు కూర్చోవడానికి మొహం చెల్లలేదు.

రెండోసారి నేను గెలవడానికి పోలేదు. మొదటి డ్రమ్ముకు చాలా ముందే పెడల్ మీద నుంచి కాలు తీసేశాను. బ్రేకు మీద కాలు మెల్లగా ఆనిస్తే కారు ముక్కు వంగింది. ముక్కు వంగాక తిప్పితే చక్రాలు నేలను పట్టుకున్నాయి, కారు విసుక్కుంటూ తిరిగింది. ఎంత మెల్లగా అంటే, గట్టు మీది కుర్రాళ్ళలో ఒకడు సైకిలెక్కి తాడు అవతల నుంచి నా పక్కనే తొక్కుతూ, నాతో పందెం వేసుకుని, నాకంటే ముందు చివరికి చేరాడు. జనం వాడికి చప్పట్లు కొట్టారు. కొట్టుకోనీ అనుకున్నాను. నేనూ కారూ మాట్లాడుకుంటున్నాం. ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు, ఆ, ఇప్పుడు తిరుగు అని దానికి పైకే చెప్తున్నాను. ఏం మాట్లాడుకుంటూ పోతావే అని అమ్మ అడిగిందానికి ఇదీ జవాబు.

ఆఖరి డ్రమ్ము దగ్గర మడ్‌గార్డుకూ దానికీ మధ్య సందు ఉందో లేదో నాకు కనపడలేదు. అలాగే పోనిచ్చాను. మేజరుగారు వచ్చి వంగి చూశారు. మొదటిసారి అంటిన సున్నం మీద కొత్త గీతలేమైనా ఉన్నాయేమోనని వేలితో తడిమారు. ఏమీ తగల్లేదని చెయ్యెత్తారు. వచ్చిన కార్లన్నిటిలోకీ నాదే ఆఖరు స్థానం. బహుమతి వచ్చినవాళ్ళ ముఖాలు నాకు గుర్తు లేవు. నేను మాత్రం దిగి, నాన్న ఎదురుగా పోయి చెయ్యి చాచాను. ఆయన గుండు మరో చేతిలోకి మార్చుకుని, సోమవారం అన్నారు.

ఆ సాయంత్రం అందరం ఎక్కి ఇంటికొస్తుంటే తార్నాక కూడలి దగ్గర కారు గీత గీసినట్టు తిరిగింది. నాన్న గుండు వైపు చూపించి, చూశావా అన్నారు. స్టాఫ్‌రూమ్‌లో ఆయన ఏం చెప్పుకున్నారో తర్వాత తెలిసింది. కడ్డీ అద్భుతంగా పనిచేసిందనీ, నిబంధనలే అశాస్త్రీయంగా ఉన్నాయనీ చెప్పారట. హెడ్డుగారు కూడా ఒప్పుకున్నారట.

సోమవారం పొద్దున ప్రార్థన అయ్యాక తాళంచెవి బల్ల మీద బైబిలు పక్కనే ఉంది. నాన్న పెట్టారు. నేను జడ వేసుకుని, పుస్తకాలు తీసుకుని బయటికొచ్చాను.

కారు వెనక సీట్లో మామ్మ కూర్చుని ఉంది. పక్కన అమ్మ, చేతిసంచితో. ఆమె పక్కన మామయ్య, టిఫిన్ క్యారియర్‌తో. అడిక్‌మెట్‌లో తెలిసినావిడను చూసి చాలా రోజులైందట అమ్మకు. మామయ్య క్యాంపస్ దాకా వస్తే అక్కడ బస్సెక్కుతాడట. మామ్మకు పనేమీ లేదు, అమ్మకు తోడు. శనివారం అందర్నీ లేపిన మామ్మేనా ఈమె అని నేను నోరు తెరిచి నిలబడితే, "నువ్వు పోయేదే గదమ్మా, ఖాళీగా పోవడం దేనికి?" అంది, నాకే ఏదో సాయం చేస్తున్నట్టు.

నాన్న గేటు దగ్గర సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన ప్యాంటు కింద క్లిప్పు సర్దుకుని, "నేను రావట్లేదుగా" అన్నారు. పాపం, ఆయన మాట ఆయన నిలబెట్టుకున్నారు. నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఏం చెయ్యను, ఎక్కి కూర్చుని స్టార్ట్ చేశాను. తార్నాక మలుపులో కారు ఎంత చక్కగా తిరిగిందంటే, మామ్మ నిమ్మకాయ ముట్టకుండా, ఇప్పుడు ప్రాణానికి హాయిగా ఉందంది.

అమ్మనూ మామ్మనూ అడిక్‌మెట్‌లో దించాను. మామయ్యను క్యాంపస్ బస్టాపు దగ్గర దించాను. ఒక్కొక్కరూ దిగుతుంటే కారు వెనక కొంచెం కొంచెంగా లేవడం నాకు సీట్లో తెలిసింది. అక్కడి నుంచి మా డిపార్ట్‌మెంట్‌కు రోడ్డు తిన్నగా పోతుంది. క్లాసుకు అప్పటికే ఆలస్యమైంది. డిపార్ట్‌మెంట్ వచ్చింది, నేను ఆపలేదు. చెట్ల నీడలు బానెట్ మీద నుంచి వరసగా పోతుంటే రోడ్డు చివరిదాకా పోయాను.

అక్కడ మలుపుంది. చాలా ముందే పెడల్ మీద నుంచి కాలు తీసి, ముక్కు వంగేదాకా ఆగి, మెల్లగా తిప్పాను. తొందరేమీ లేదు. కారులో ఎవరూ లేరు.